చల్లగొట్టం చెమట

కోడలు షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో కూర్చొని ఉప్పునీళ్ళు తాగుతోంది.

ఉప్పునీళ్ళంటే మరీ సముద్రంవి కావు, ఇంటి వెనక బావివి. అయినా నోట్లో పోసుకోగానే మొహం వంకరపోయే నీళ్ళే. అంట్లు తోముకోవడానికీ బట్టలు ఉతుక్కోవడానికీ తప్ప వాటి జోలికి ఎవరూ పోరు. అలాంటిది అత్తగారు గ్లాసు ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకొని, చేదు మందు మింగినట్టు గుటకలు వేస్తోంది.

"అదేమిటత్తయ్యా, గొట్టం నీళ్ళు అయిపోయాయా?"

"అయిపోలేదు. నేనే మానేశాను."

"మానేయడమేమిటి?"

అత్తగారు బదులు చెప్పకుండా వీధిలోకి చూసింది. కోడలూ అటే చూసింది. వీధి పొడుగునా పోయే పెద్ద గొట్టం మీద అందరి పట్టీలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. తమ గుమ్మం ముందు పట్టీ లేదు. కింద పెట్టే కడవా లేదు. నీటిచుక్కలు తీరిగ్గా మట్టిలో పడి ఇంకిపోతున్నాయి.

ఈ గొట్టం సంగతి ముందు చెప్పుకోవాలి. సముద్రం పైనీళ్ళు ఎండకి కాగి వెచ్చగా ఉంటాయి. వెలుతురు చొరబడని లోతులో నీళ్ళు ఎముకలు కొరికే చల్లగా ఉంటాయి. ఆ రెండిటి తేడాతో కరెంటు పుట్టించే ప్లాంటు ఈ వీధి చివరే ఉంది. వెచ్చటి నీళ్ళు అమ్మోనియాని మరిగిస్తాయి. ఆ ఆవిరి టర్బైన్ని తిప్పుతుంది. తిప్పి అలసిన ఆవిరిని చల్లటి నీళ్ళు మళ్ళీ ద్రవంగా మారుస్తాయి. నిప్పు లేదు, పొగ లేదు. చల్లటి నీళ్ళు తగ్గితే కరెంటు తగ్గుతుంది, అందులో దాపరికం ఏమీ లేదు. కోడలు అక్కడ షిఫ్టు ఇంజనీరు.

అడుగు నీళ్ళు తెచ్చే గొట్టం ఒడ్డెక్కి, ఇళ్ళ గుమ్మాల పక్కనుంచి పోయి ప్లాంటులో దూరుతుంది. దారిలో చల్లదనం పోకుండా దానికి మందపాటి తొడుగు వేయాలి. ఆ పని ఒప్పుకున్న కాంట్రాక్టరు ఒడ్డు దగ్గర కాస్తా, ప్లాంటు గేటు దగ్గర కాస్తా వేశాడు. పెద్దమనుషులు కారు దిగి చూసే చోట్లు ఆ రెండే కదా. మధ్యలో వీధిని గాలికి వదిలేశాడు. బోడిగా మిగిలిన గొట్టానికి ఉక్కపోత గాలి తగిలి పగలూ రాత్రీ చెమట పోస్తుంది. మొదట్లో ఆ తడికి కాలు జారి పడ్డవాళ్ళు కాంట్రాక్టరుని ఏడుతరాలు కలిపి తిట్టారు. తర్వాత ఎవరో ఒక చుక్క నాలుక మీద వేసుకొని చూశారు. తియ్యటి నీళ్ళు!

అప్పటినుంచి ఎవరి గుమ్మం ముందు గొట్టం వాళ్ళది. పాత నూలు గుడ్డని పట్టీగా చింపి గొట్టానికి చుట్టి, దాని కొసని కడవ మూతిలోకి వేలాడదీస్తారు. చెమట పట్టీలోకి ఇంకి, కొసనుంచి కడవలోకి దిగుతుంది. కొత్తగుడ్డ పనికిరాదు, నీళ్ళు తాగదు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డదే కావాలి. ఒకరి పట్టీ ఇంకొకరు ముట్టుకోరు, ముట్టుకుంటే ఆ రోజు వీధికి నిద్ర ఉండదు. ఇంటికి కోడలు వస్తే కొత్త పట్టీ ఆమె చేత కట్టిస్తారు. ఈ కోడలి కోసం అత్తగారు తను కప్పుకొనే దుప్పటినే చింపింది. "మంచినీళ్ళు ఇంక నీ చేతివే" అంది. పడవ ఇంజన్లు బాగుచేసే కొడుకు పక్కనే నిలబడి, దుప్పటి పోయింది కాబట్టి ఇంక అమ్మ తన దుప్పటి లాక్కుంటుందని వాపోయాడు. లాక్కుంది కూడా.

ఇప్పుడు ఆ పట్టీ అత్తగారి ఒళ్ళో ఉంది. ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"పొద్దున మైకు జీపు వచ్చిందే" అంది అత్తగారు. "ప్లాంటులో కరెంటు పడిపోతోందంట. ఈ వీధివాళ్ళు తడిగుడ్డలు చుట్టి గొట్టంలో చల్లదనాన్ని దొంగిలిస్తున్నారంట. గొట్టానికి తొడుగు వేసేస్తారంట. రేపు హాల్లో మీటింగు."

"దొంగిలిస్తున్నారన్నాడా?"

"అన్నాడు. వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా అరుచుకుంటూ పోయాడు." అత్తగారు గొంతు తగ్గించింది. "నాకేం తెలుసే అమ్మాయ్? కారిపోయే నీళ్ళే కదా అనుకున్నాను. నా కోడలు ఇంజనీరని ఊరందరి దగ్గరా టముకు వేసుకుంటాను. ఆ కోడలి మిషనుకి అడ్డం పడింది నేనేనా? నీ నోటి దగ్గర కూడు నేనే లాగేస్తున్నానా?"

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. వీధిని దొంగలన్నందుకు సగం. ఈ పిచ్చి మనిషి దాన్ని నమ్మి, ఎవరూ అడక్కుండానే తనకి తను శిక్ష వేసుకున్నందుకు మిగతా సగం.

ఎందుకంటే కరెంటు ఎందుకు పడిపోయిందో ఆమెకి తెలుసు. ప్లాంటులో అందరికీ తెలుసు. కొత్త డైరెక్టరు వచ్చాక ప్లాంటు లోపల చల్లగొట్టానికి ఒక కొమ్మ వేశారు. అది గోడ దాటి గెస్టుహౌసుకీ, ఆయన బంగళాకీ, మీటింగు హాలుకీ పోతుంది. గదులు చల్లబరచడానికి. టర్బైను తాగాల్సిన చల్లటి నీళ్ళలో ఎంత వాటా అటు పోతుందో కంట్రోలు రూములో ముల్లు చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది. ఆపరేటర్లు దానికి అల్లుడి గొట్టం అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో ఎవరికి తక్కువైనా దానికి మర్యాద తక్కువ కాకూడదు మరి. దాని వాల్వుకి నంబరు బిళ్ళ లేదు. డ్రాయింగులో గీత కూడా లేదు.

బోడి గొట్టం వల్ల అసలు నష్టమే లేదని కోడలు అనదు. ఉంది, గోరంత. ఆ గోరంత కూడా తొడుగు ఎగ్గొట్టిన కాంట్రాక్టరుదే గాని పట్టీ కట్టినవాళ్ళది కాదు.

"అత్తయ్యా, నీ వల్ల కాదు. ఒట్టు. పట్టీ ఇటివ్వు, కడతాను."

"మీటింగు అయ్యాక చూద్దాంలే" అని అత్తగారు పట్టీని గుప్పిట్లో బిగించుకుంది. "మైకులో ఊరికే చెబుతారా?"

ఇంట్లో ఎన్నిసార్లు ఒట్టు వేసినా మైకంత గట్టిగా వినపడదు.

మర్నాడు డ్యూటీలో ఉండగా డైరెక్టరు పిలిపించాడు. ఆయన గది ఎంత చల్లగా ఉందంటే కిటికీ అద్దానికి బయటివైపు నీళ్ళు పట్టాయి. ఆయన కోటు వేసుకొని ఉన్నాడు. ఆ ఎండలకి ఆ ఊళ్ళో కోటు వేసుకోగలిగేది ఆయన ఒక్కడే.

"కూర్చోమ్మా. సాయంత్రం మీటింగులో మీరు మాట్లాడాలి. మీరు ఆ వీధి మనిషి, మీరు చెబితే నమ్ముతారు."

"ఏం చెప్పమంటారు సార్?"

"సైన్సు చెప్పండి. తడిగుడ్డ చల్లదనాన్ని లాగేస్తుంది. అబద్ధమా?"

"అబద్ధం కాదు సార్. కానీ అది గోరంత. గెస్టుహౌసు లైను కొండంత."

ఆయన నీళ్ళు నమిలి ఉంటే ఆమెకి కొంచెం శాంతి కలిగేది. ఆయన చక్కగా చిరునవ్వు నవ్వాడు. "ఏ లైను? డ్రాయింగులో లేని లైను గురించి మాట్లాడటం ఇంజనీరు లక్షణం కాదమ్మా. అలాంటి లైను లేదు, అలాంటి వాల్వూ లేదు. వీధిలో మీ ఇంటి గుడ్డ కూడా ఉందని విన్నాను. మీరు ముందుంటే మీకే గౌరవం."

అంటే బెదిరింపు కూడా అయిపోయింది, మర్యాద కూడా అయిపోయింది. ఆమె లేచి బయటికి వచ్చేసింది. కారిడార్లో నడుస్తూ తనలో తనే గొణుక్కుంది. లేదట! పొద్దస్తమానం ఆ గాలి కిందే కూర్చొని, ఆ గొట్టమే లేదట! ఎవరి గుడ్డపట్టీ మాత్రం ఎక్కడుందో లెక్క తెలుసట!

డ్యూటీ దిగే ముందు ఆమె పంపుల వెనక్కి వెళ్ళింది. నంబరు బిళ్ళ లేని వాల్వు చక్రం పట్టుకొని తిప్పడం మొదలుపెట్టింది. తర్వాతి షిఫ్టుకి వచ్చిన ఆపరేటరు అటుగా వచ్చాడు. ఆయన్ని అందరూ నిదానం గారంటారు. నిప్పంటుకుందన్నా ముందు చెప్పులు వెతుక్కునే రకం.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏమీ చేయట్లేదండీ. లేనిదాన్ని ఏం చేస్తాం?"

నిదానం గారు చక్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చాలాసేపు ఆలోచించాడు. "నిజమే. నాకూ ఏమీ కనపడటం లేదు" అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆమె చక్రాన్ని ఆఖరి మర దాకా బిగించి హాలుకి నడిచింది.

హాలు నిండిపోయింది. వీధి అంతా అక్కడే ఉంది. బయట ఉక్కపోతలోంచి వచ్చినవాళ్ళు ఆ చల్లదనానికి మురిసిపోతూ, పైకి మాత్రం కోపంగా ఉన్నట్టు కూర్చున్నారు. వేదిక పక్క గోడకి పెద్ద బోర్డు ఉంది. ప్లాంటులో ఆ క్షణాన ఎంత కరెంటు పుడుతోందో ఎర్రటి అంకెలు చూపిస్తుంది. పైనుంచి అతిథులు వస్తే చూసి చప్పట్లు కొట్టాలని డైరెక్టరే ముచ్చటపడి పెట్టించాడు. అంకె అరవై ఒకటి దగ్గర ఉంది.

డైరెక్టరు మొదలుపెట్టాడు. ప్రజల ఆస్తి అన్నాడు, సముద్రం మనందరిదీ అన్నాడు, కొందరి స్వార్థం అన్నాడు. ఆ కొందరు ఎదురుగా బెంచీల మీద తలలు దించుకున్నారు. అంతలో ముందు వరసలోంచి అత్తగారు లేచింది. కోడలు ఆపేలోపే వేదిక దగ్గరికి వెళ్ళి మడతపెట్టిన పట్టీని రెండు చేతులా అందించింది.

"ఇదిగో బాబూ. నిన్ననే విప్పేశాను. తెలియక కట్టుకున్నాం. మా కోడల్ని ఏమీ అనకండి."

డైరెక్టరు ఆ పట్టీని చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొని పైకెత్తి అందరికీ చూపించాడు. "చూడండి! ఇదీ కారణం. ఈ పెద్దావిడకి ఉన్న బుద్ధి మీ అందరికీ ఉంటే ఈ మీటింగే అక్కర్లేదు."

తను కప్పుకొనే దుప్పటి చింపి చేసిన పట్టీ అది. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి మాత్రం కచ్చితంగా ఉప్పునీళ్ళే. ఆ క్షణంలో ఆయన మొహం మీద కేకలు వేయాలనిపించింది. పళ్ళు బిగబట్టి, వేదికెక్కి మైకు అందుకుంది.

"సార్ సైన్సు చెప్పమన్నారు, చెబుతాను" అంది. సముద్రం దగ్గర మొదలుపెట్టింది. ఎండ నీళ్ళలో ఎంతలోతు దిగుతుందో చెప్పింది. అడుగున చీకట్లో చేపలు ఎలా ఉంటాయో చెప్పింది. వంటింట్లో నీళ్ళు మరిగే తీరుకీ అమ్మోనియా మరిగే తీరుకీ తేడా చెప్పింది. వెనక బెంచీలో ఒకాయన ఆవలించాడు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. ఆమె బోర్డు చూస్తోంది. వాల్వు కట్టేసిన ఫలితం అంకెల్లోకి రావడానికి కాస్త సమయం పడుతుంది. అరవై మూడు. అరవై ఆరు.

"బోర్డు చూడండి, పెరుగుతోంది!" అని పక్కింటావిడ అరిచింది.

డైరెక్టరు వెనక్కి తిరిగి చూశాడు. మొహం చేటంత అయింది. ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "చూశారా! ఒక్క పెద్దావిడ ఒక్క పట్టీ విప్పితేనే ఎలా పెరుగుతోందో! రుజువు ఇంకేం కావాలి?"

"పెరగనివ్వండి సార్" అంది కోడలు.

పెరిగింది. డెబ్బై దాటింది. దాంతోపాటు హాల్లో ఇంకొకటి కూడా పెరిగింది. ముందు పిల్లల తల్లులు చెంగుల్తో విసురుకోవడం మొదలుపెట్టారు. తర్వాత మగవాళ్ళు చొక్కా గుండీలు విప్పారు. అంతమంది ఊపిరి ఒక్కచోట చేరి హాలు ఆవిరిగదిలా తయారైంది. వీధివాళ్ళకి ఉక్కపోత పుట్టుకనుంచీ అలవాటే, కూర్చున్నారు. డైరెక్టరు కోటు విప్పాడు. టై వదులు చేశాడు. నుదురు తుడుచుకోవడానికి ఏదీ దొరక్క, చేతిలో ఉన్న ఆ పట్టీతోనే తుడుచుకున్నాడు. మెత్తటి గుడ్డ కదా, బాగానే పీల్చింది.

బోర్డు డెబ్బై ఎనిమిది దగ్గర నిలబడింది. ఆ అంకె కనిపించి చాలా నెలలైంది.

ఆయనకి బోర్డు కనపడే స్థితి దాటిపోయింది. తలుపు దగ్గర అటెండరు వైపు తిరిగి, మైకు చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, "ఏమైందీ హాలుకి? ఆ వాల్వు ఎవడు కట్టేశాడు? పరిగెత్తు, ముందు అది తెరవమను!" అని అరిచాడు.

నిన్న జీపు మైకు వీధికి వినిపించినట్టే, ఈ మైకు హాలుకి వినిపించింది.

అత్తగారు అమాయకంగా తలెత్తి, "ఏ వాల్వు బాబూ?" అని అడిగింది.

ఆయన ఇప్పుడు నమిలాడు నీళ్ళు. అటెండరు అప్పటికే పరిగెత్తాడు. నిదానం గారు తన పద్ధతిలో తను చక్రం తిప్పినట్టున్నాడు, చాలాసేపటికి గాని హాల్లోకి చల్లగాలి రాలేదు. గాలి మెడకి తగిలేసరికి అందరి తలలూ బోర్డు వైపు తిరిగాయి. డెబ్బై నాలుగు. అరవై తొమ్మిది. అరవై నాలుగు. అరవై ఒకటి. అంకె దిగుతున్న ప్రతిసారీ గుంపులోంచి ఒక మూలుగు లేచింది. కోడలు దగ్గరికి వెళ్ళి, చెమటతో తడిసిన ఆ పట్టీని ఆయన చేతిలోంచి తీసుకుంది.

తర్వాత ఆ హాల్లో వీధివాళ్ళు ఆయన్ని ఉతికి ఆరేశారు. ఆ మాటలన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు, కానీ వాటిలో ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

అనుమతి లేకుండా వాల్వు మూసిందని కోడలికి మెమో ఇవ్వాలనుకున్నారు. "ఇవ్వండి సార్. వాల్వు నంబరు ఎంతో, డ్రాయింగులో ఎక్కడుందో అందులో రాయండి, సంజాయిషీ ఇస్తాను" అంది. ఆఫీసులో కొన్నాళ్ళు తలలు పట్టుకున్నారు. మెమో రాలేదు. ఒక సెలవు రోజు ఎవరో వచ్చి అల్లుడి గొట్టాన్ని కోసి, మొదటినుంచీ అక్కడ ఏమీ లేనట్టు రంగు వేసి పోయారు. డైరెక్టరు ఇంకో పెద్ద ఉద్యోగానికి వెళ్ళాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ పైకే వెళతారు. వీధి గొట్టం బోడిగానే ఉంది.

కానీ ఆ మైకు జీపు మళ్ళీ రాలేదు. దొంగలని చెప్పడానికి వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా వచ్చిన జీపు, కాదని చెప్పడానికి ఒక్క గుమ్మం ముందు కూడా ఆగలేదు.

మీటింగు అయిన మర్నాడు పొద్దున కోడలు బయటికి వచ్చేసరికి అత్తగారు గొట్టం దగ్గర వంగి పట్టీ కడుతోంది. కింద కడవ పెట్టి ఉంది. కోడలికి ప్రాణం లేచి వచ్చింది. దగ్గరికి వెళ్ళి చూస్తే పట్టీ సన్నగా ఉంది.

"ఇదేమిటత్తయ్యా, ఇంత సన్నగా ఉందేం?"

"నిలువునా చింపాను. సగం చాలులే మనకి."

"నిన్న చూశావుగా బోర్డు! నీ వల్ల కాదని తేలిపోయిందిగా!"

"తేలిందిలే" అంది అత్తగారు ముడి వేస్తూ. "అయినా, ఎందుకైనా మంచిది."

ప్లాంటుకి పట్టిన దొంగగొట్టాన్ని కోసేయొచ్చు. ఈ మనిషి మనసులో ఆ మైకు పెట్టిపోయిన దాన్ని ఏ రెంచితో విప్పాలి? ఆ పాపానికి ఏ మెమో ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి? కోడలు లోపలికి వెళ్ళి, అత్తగారు గూట్లో దాచిన మిగతా సగం తెచ్చి, అత్తగారి పట్టీ పక్కనే గొట్టానికి చుట్టి, ఎవరూ విప్పలేనంత గట్టిగా ముడి బిగించింది.